పంచదార మీద పీహెచ్‌డీనా?

పోయిన నెల ఈ పేజీలో బాంబే బ్లడ్ గ్రూపు గురించి రాస్తూ ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోయాను. ఏ గ్రూపుకీ బి గ్రూపుకీ తేడా అంతా ఎర్ర రక్తకణం మీద ఉండే చక్కెర గొలుసు కొసన తగిలించి ఉన్న ఒకే ఒక్క చక్కెరలో ఉందని, ఓ గ్రూపు వాళ్ళకి ఆ కొస చక్కెర ఉండదని, 1952లో బొంబాయిలో బయటపడిన ఆ అరుదైన గ్రూపు వాళ్ళకైతే పక్కనే ఉండాల్సిన ఫ్యూకోజ్ అనే చక్కెర కూడా ఉండదని, ఇలాంటి గొలుసుల్ని ఇప్పుడు అణువుల్ని తూచే మాస్ స్పెక్ట్రోమీటర్లతో చదువుతున్నారని. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చినన్ని ఉత్తరాలు షుగరు జబ్బు గురించి రాసినప్పుడు కూడా రాలేదు. అందుకని ఈ నెల పేజీ మొత్తం దానికే. అన్నిటికీ జవాబు ఇవ్వలేను, ఒకేలాంటివి కలిపేశాను.

ప్రశ్న: కాంప్లెక్స్ కార్బోహైడ్రేట్లు అంటే రాగి, జొన్న, దంపుడు బియ్యం అని మా డైటీషియన్ చెప్పింది. మీరేమో రక్తకణం మీద ఉండేవి అంటున్నారు. ఇద్దరిలో ఎవరు రైటు?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరమూ రైటేనమ్మా, ఒకే పేరు రెండు వీధుల్లో తిరుగుతోంది. ఆవిడ చెప్పేది తొందరగా అరగని పిండిపదార్థం గురించి. కెమిస్టులు మాత్రం అరుగుదలను చూసి కాదు, అల్లికను చూసి కాంప్లెక్స్ అంటారు. ఆ లెక్కన గంజిలోని పిండి చాలా సాదాసీదా మనిషి, వేల గ్లూకోజులు ఉన్నా అన్నీ గ్లూకోజులే. బెండకాయ కోస్తే చేతికి అంటుకునే జిగురు, తుమ్మబంక, జలుబు చేసినప్పుడు కారే చీమిడి, ఇవీ అసలు కాంప్లెక్స్ అంటే. రకరకాల చక్కెరలు, కొమ్మలు, ఆ కొమ్మలకి రెమ్మలు. మన ఒంట్లో ప్రతి కణం పైనా ఇలాంటి చక్కెర పొదలు ఉంటాయి, వాటినే గ్లైకాన్లు అంటారు. పేరు గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు వస్తుంది. రాగి సంకటి మాత్రం మానకండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, పీహెచ్‌డీకి సీటు వచ్చింది. టాపిక్ గ్లైకాన్ల మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఇంట్లో "పంచదార మీద పీహెచ్‌డీ ఏంటే, ఏదైనా మందుల మీద చెయ్యొచ్చుగా" అంటున్నారు. నాన్నగారికి ఏమని చెప్పను? నిజంగా ఇందులో భవిష్యత్తు ఉందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నాన్నగారితో శనగల దగ్గర మొదలుపెట్టు తల్లీ. శనగలు, రాజ్మా తిన్న రోజు కడుపు ఉబ్బరంగా ఎందుకుంటుందో అడుగు. వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అని రెండు చక్కెరలుంటాయి, వాటిలోని గెలాక్టోజ్ ముడిని కోసే ఎంజైము మన చిన్నపేగులో లేదు, అవి అలాగే పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బాక్టీరియాకి విందు అవుతాయి, ఆ విందు తాలూకు గ్యాసే మన బాధ. ఇప్పుడు తల్లిపాల సంగతి చెప్పు. తల్లిపాలల్లో లీటరుకి 5 నుంచి 15 గ్రాముల దాకా ఇలాంటి అరగని చక్కెరలే ఉంటాయి. బిడ్డ అరిగించుకోలేని తిండి తల్లి ఎందుకు తయారుచేస్తుంది? బిడ్డకి కాదు, బిడ్డ పేగుల్లో పెరగాల్సిన బైఫిడోబాక్టీరియాకి. ఆ పాల చక్కెరలు ఎన్ని రకాలో, ఏది ఎలా అల్లి ఉందో మాస్ స్పెక్ట్రోమీటర్ పెట్టి ఒక్కొక్కటే విప్పిన వాళ్ళలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లోని కార్లిటో లెబ్రిల్లా ముఖ్యుడు.

అప్పటికీ ఒప్పుకోకపోతే హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీ గురించి చెప్పు. టైఫాయిడ్ క్రిమి పైన కప్పుకునే చక్కెర గొలుసుని తీసి, దాన్ని ఒక ప్రోటీన్‌కి కట్టి పిల్లలకి వేస్తారు. ప్రోటీన్‌కి కట్టకుండా ఉత్త చక్కెర ఇస్తే రెండేళ్ళ లోపు పిల్లల ఒళ్ళు దాన్ని సరిగా పట్టించుకోదు. ఇది మందుల మీద పని కాదా అని అడుగు.

ఇక నీకు విడిగా చెప్పాల్సింది ఉంది, ఇది నాన్నగారికి చదివి వినిపించకు. మిషన్ ముందు కూర్చుని స్క్రీన్ మీద పీకులు (ఒక్కో బరువు దగ్గర లేచే గీతలు) చూసే రోజులు పీహెచ్‌డీలో చాలా తక్కువ. మిగతాదంతా వంట. ప్రోటీన్ నుంచి గ్లైకాన్‌ని పీఎన్‌జేస్ ఎఫ్ అనే ఎంజైముతో రాత్రంతా కోయించడం, ఉప్పు తీసెయ్యడం, ఆరబెట్టడం, తర్వాత పర్‌మిథైలేషన్. చక్కెర మీద ఉన్న ప్రతి హైడ్రాక్సిల్‌కీ ఒక మిథైల్ టోపీ పెట్టడం అన్నమాట. హాకోమోరి 1964లో చూపించిన పద్ధతిని 1984లో చుకాను, కెరెక్ అనే ఇద్దరు బాగా సులువు చేశారు, సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు నూరి డీఎమ్ఎస్ఓ అనే ద్రావకంలో కలిపి, మిథైల్ అయొడైడ్ పోస్తే చాలు. వినడానికి పచ్చడి చేసినంత తేలిక. కానీ ఆ గుళికలు గాలిలో తేమని బెల్లం కంటే వేగంగా పీలుస్తాయి, మా ల్యాబ్‌లో వానాకాలం వచ్చిందంటే సగం టోపీలు పడేవే కావు. ఒక్క టోపీ తక్కువైతే బరువు 14 తగ్గుతుంది, రెండు తగ్గితే 28. ఒక పీకు రావాల్సిన చోట మెట్లు మెట్లుగా నాలుగు పీకులు వస్తాయి. ఆ మెట్లు చూసి ఏడవని వాళ్ళు ఈ రంగంలో ఉన్నారంటే నేను నమ్మను. ఇంత శ్రమ ఎందుకంటే టోపీ పెట్టిన చక్కెర మిషన్‌లో బాగా ఎగురుతుంది, విరిగినప్పుడు ఎక్కడ విరిగిందో స్పష్టంగా చెబుతుంది, పైగా సయాలిక్ ఆమ్లం అని కొసన వేలాడే చక్కెర ఒకటుంది, టోపీలు లేకపోతే అది మిషన్‌లోని లేజరు తగలగానే ఎండుటాకులా రాలిపోతుంది.

ఉద్యోగాల మాట అంటావా, ఉన్నాయి. యాంటీబాడీ మందులు చేసే ప్రతి కంపెనీకీ గ్లైకాన్లు చదివేవాళ్ళు కావాలి, హైదరాబాద్‌లో బెంగళూరులో ఆ పని జరుగుతోంది. కాకపోతే అక్కడ నువ్వు కొత్త చక్కెరలు కనిపెట్టవు, తెలిసిన నాలుగైదు చక్కెరలు నిన్నటి బ్యాచ్‌లో ఉన్నంతే ఇవాళా ఉన్నాయా అని చూస్తావు. కొందరికి అది హాయి, కొందరికి ఏడాదిలో విసుగు. నువ్వు పజిల్ విప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయినా లేవని రకమైతే వెళ్ళు. తొందరగా పేపర్లు రావాలి, తొందరగా అమెరికా వెళ్ళాలి అనుకుంటే ఇంతకంటే దగ్గరి దారులున్నాయి.

ప్రశ్న: మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే అణువుల్ని తూచే కాటా అని మీరే రాశారు. గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్ మూడింటి అణుభారమూ 180 అని ఇంటర్ పిల్లలకి ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. మూడూ ఒకే బరువైతే కాటా ఏది ఏదో ఎలా చెబుతుంది?
– కెమిస్ట్రీ లెక్చరర్, కాకినాడ

జవాబు: మాస్టారూ, ఈ రంగానికి ఉన్న అసలు తలనొప్పినే పట్టుకున్నారు. సూటి జవాబు: చెప్పలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరు చెరో సోలెడు ముగ్గుపిండి తీసుకుని వాకిట్లో రెండు ముగ్గులు వేశారనుకోండి, రెండూ ఊడ్చి తూకం వేస్తే ఒకే బరువు. ఏది చుక్కల ముగ్గో ఏది మెలికల ముగ్గో కాటాకేం తెలుసు.

అయితే ఎన్ని ఉన్నాయో మాత్రం బాగా చెబుతుంది. రెండు చక్కెరలు ముడిపడినప్పుడల్లా ఒక నీటి అణువు పోతుంది కాబట్టి గొలుసులో 180 కాస్తా 162 అవుతుంది. నత్రజని ఉన్న ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ లాంటిది 203, ఫ్యూకోజ్ 146, సయాలిక్ ఆమ్లం 291. ఇప్పుడు 910 వచ్చిందనుకోండి, 162 మూళ్ళు 486, 203 రెళ్ళు 406, కొసన ఒక నీరు 18, కలిపితే 910. మన ఒంట్లో ప్రోటీన్‌లోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలే గ్లైకాన్లన్నింటికీ మొదట్లో ఉండే అయిదు చక్కెరల మొదలు ఇదే. ఆ మూడు 162లూ మానోజ్‌లని కాటా చెప్పలేదు చూశారా, కణం వాటిని ఎలా తయారుచేస్తుందో ముందే తెలుసు కాబట్టి మనం అనుకున్నాం. ఈ రంగంలో సగం తెలివి మిషన్‌ది, సగం జీవశాస్త్రం దగ్గర అప్పు తెచ్చుకున్నది.

ప్రోటీన్‌కి ఈ బాధ పెద్దగా లేదు. అమైనో ఆమ్లాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి, కొక్కెం ఒకే చోట. చక్కెరకి చుట్టూ కొక్కేలే. రెండో కార్బన్ దగ్గర తగిలించొచ్చు, మూడో దగ్గర, నాలుగో దగ్గర, ఆరో దగ్గర, ఒకేసారి రెండు చోట్ల కూడా, అది ఆల్ఫా ముడి కావచ్చు బీటా ముడి కావచ్చు. ఆరు చక్కెరలతో ఎన్ని రకాల అల్లికలు వీలవుతాయో 1994లో రోజర్ లైన్ అనే ఆయన లెక్క కట్టాడు, లక్ష కోట్లకు పైమాటే. ఆరు చక్కెరలకే! అదృష్టం ఏమిటంటే మన కణాలు అన్నీ అల్లవు, వాటికున్న ఎంజైములు కొన్నే.

మరి ఏం చేస్తారంటే, విరగ్గొడతారు. కావాల్సిన బరువున్న అయాన్లని (విద్యుదావేశం ఎక్కిన అణువుల్ని) మాత్రం మిషన్ లోపల విడిగా పట్టుకుని, వాటిని గ్యాస్ అణువులకి గుద్దించి, వచ్చిన ముక్కల్ని మళ్ళీ తూస్తారు. పూసల దండ అనుకోండి. మామూలుగా అయితే దారం తెగుతుంది, పూసకీ పూసకీ మధ్య. అలాంటి ముక్కల్ని బట్టి ఏ పూస తర్వాత ఏది ఉందో వరస తెలుస్తుంది. ఇంకొంచెం గట్టిగా కొడితే పూసే పగులుతుంది, చక్కెర చక్రం రెండు చోట్ల చీలి సగం ఇటు సగం అటు పోతుంది. అసలు సమాచారం అక్కడుంది, ఏ కార్బన్లు ఏ ముక్కతో వెళ్ళాయో చూస్తే కొక్కెం ఎక్కడ తగిలించి ఉందో తెలిసిపోతుంది. అప్పటికీ గెలాక్టోజా మానోజా అన్నది తేలకపోతే ఎంజైముని పిలుస్తారు. చిక్కుడు జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి తీసే ఎంజైములు రెండున్నాయి, ఒకటి బీటా గెలాక్టోజ్‌నే కోస్తుంది, ఇంకోటి ఆల్ఫా మానోజ్‌నే. ఎంజైము వేశాక బరువు 162 తగ్గిందంటే దొంగ దొరికినట్టే. ఇంకా అనుమానం ఉంటే మొత్తాన్ని యాసిడ్‌లో ఉడికించి విడివిడి చక్కెరలు చేసి గ్యాస్ క్రొమాటోగ్రఫీలో ఏది ఎప్పుడు బయటికొస్తుందో చూస్తారు.

కాబట్టి మీ పిల్లలకి చెప్పే 180 కరెక్టే, దాన్ని మార్చకండి.

ప్రశ్న: ఈ రంగంలో జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త ఒకరి గురించి చెప్పండి. ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉన్నారా ఏమిటి, ఈ రంగంలో రోజూ వాడే భాష పెట్టిందే ఒకావిడ. క్యాథరిన్ కాస్టెల్లో. బోస్టన్ యూనివర్సిటీ.

ఆవిడ జార్జ్‌టౌన్‌లో పీహెచ్‌డీ చేసి 1970ల మొదట్లో ఎంఐటీలో క్లాస్ బీమన్ ల్యాబ్‌లో చేరింది. ఆ ల్యాబ్ ఎలాంటిదంటే, 1976లో వైకింగ్ నౌకలు కుజుడి మీద దిగినప్పుడు అక్కడి మట్టిలో కర్బన పదార్థాలు ఉన్నాయేమో చూసే పరికరం బాధ్యత బీమన్‌దే. మరోపక్క బోస్టన్ ఆసుపత్రుల్లో మందులు మోతాదు మించి మింగి స్పృహ లేకుండా వచ్చిన రోగుల రక్తం, మూత్రం అదే ల్యాబ్‌కి వచ్చేవి, వాళ్ళేం మింగారో తేల్చి డాక్టర్లకి చెప్పాలి. ఆ పని మీద 1974లో వచ్చిన పేపర్లో మొదటి పేరు కాస్టెల్లోదే. ఒకే గదిలో కుజుడి మట్టి గొడవ, నిద్రమాత్రల గొడవ. పరికరం ముందు కూర్చునేవాళ్ళకి శిక్షణ ఇలా దొరకాలి అనిపిస్తుంది నాకు, ఇప్పుడు మన పిల్లలకి మొదటి రోజే ఒక టాపిక్ చేతిలో పెట్టేసి నాలుగేళ్ళు దాంట్లోనే కట్టేస్తున్నాం.

అప్పట్లో పెద్ద చక్కెరల్ని మాస్ స్పెక్ట్రోమీటర్లో పెట్టడమే కష్టం. మిషన్‌లోకి వెళ్ళాలంటే పదార్థం ఆవిరి కావాలి, పంచదార పొయ్యి మీద పెడితే ఏమవుతుందో మీకు తెలుసు, పాకం అవుతుంది, వదిలేస్తే మాడుతుంది, ఆవిరి మాత్రం కాదు. 1981లో మాంచెస్టర్‌లో మైకేల్ బార్బర్ బృందం గ్లిసరాల్‌లో కలిపిన చుక్క మీదికి వేగంగా వెళ్ళే పరమాణువుల్ని కొట్టి అయాన్లని పైకి లేపే పద్ధతి తెచ్చారు, దాన్ని ఫ్యాబ్ అంటారు. అప్పుడు మొదలైంది అసలు కథ. ఆ తర్వాత జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రే, కరాస్, హిల్లెన్‌క్యాంప్‌ల మాల్డీ అని అయాన్లని లేపే ఇంకో రెండు పద్ధతులు వచ్చాయి. 2002 నోబెల్ ఫెన్‌కీ, జపాన్ ఇంజనీరు కోయిచి తనాకాకీ వచ్చింది, ఫెన్ తన నోబెల్ ఉపన్యాసానికి అణువుల లోకంలోని ఏనుగులకి ఎలక్ట్రోస్ప్రే రెక్కలు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. కరాస్, హిల్లెన్‌క్యాంప్‌లకి రాకపోవడం అన్యాయమని అప్పుడే చాలామంది గొణిగారు, నేనూ గొణిగాను. సరే, మళ్ళీ కాస్టెల్లో దగ్గరకి.

ఆవిడ తీసుకున్నవి మెదడులో ఎక్కువగా ఉండే గ్లైకోలిపిడ్లు, కొవ్వు తోకకి చక్కెర తల. ఫ్యాబ్‌తో లేపి విరగ్గొడితే ముక్కలు కుప్పలుగా వచ్చేవి. వాటిని ఏమని పిలవాలన్నదానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. 1988లో బ్రూనో డోమోన్, కాస్టెల్లో కలిసి గ్లైకోకాంజుగేట్ జర్నల్‌లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ప్రోటీన్ ముక్కలకి అప్పటికే ఏ, బి, సి, ఎక్స్, వై, జడ్ అని చిన్న అక్షరాలు ఉన్నాయి, చక్కెరలకి అవే అక్షరాలు పెద్దబడిలో, అంటే క్యాపిటల్స్‌లో. దారం తెగినప్పుడు కొస వైపు ముక్క బి లేదా సి, మొదలు వైపు ముక్క వై లేదా జడ్. పూస పగిలితే ఏ, ఎక్స్, పక్కన పైన చిన్న అంకెలు వేసి చక్రంలో ఏ రెండు బంధాలు తెగాయో చెప్పేస్తారు. అంతే. ఇందులో కొత్త అణువు లేదు, కొత్త మిషన్ లేదు. పేర్లు పెట్టడమూ ఒక పరిశోధనేనా అని నేను కూడా కుర్రతనంలో అనుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చున్న అమ్మాయి రాసిన వై4ని బోస్టన్‌లో ఉన్నవాళ్ళు ఇంకేమీ అడగకుండా అర్థం చేసుకుంటున్నారంటే ఆ పదమూడు పేజీల వల్లే.

1994లో ఆవిడ బోస్టన్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌కి మారి అక్కడ బయోమెడికల్ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం పెట్టింది. పక్కనే అమైలాయిడ్ జబ్బుల (ప్రోటీన్ ముద్దకట్టి ఒంట్లో పేరుకునే జబ్బుల) వైద్యులు ఉండటంతో ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ మీద కూడా పనిచేసింది. చక్కెరని మాత్రం వదల్లేదు, చెంగ్ లిన్‌తో కలిసి గ్యాస్‌తో గుద్దించే బదులు ఎలక్ట్రాన్లతో కొడితే పూసలు ఎంత బాగా పగులుతాయో చూపించింది. అమెరికన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ సొసైటీకి అధ్యక్షురాలిగా 2002 నుంచి 2004 దాకా, ప్రపంచ ప్రోటియోమ్ సంస్థ హ్యూపోకి 2011, 2012లలో. ఆ అమెరికన్ సొసైటీ తన పెద్ద అవార్డు ఆవిడకి ఇచ్చింది 2017లో, అంటే ఆ పేర్ల పేపర్ వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ళకి.

ఇంకొకరు లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆన్ డెల్, ఆస్ట్రేలియా నుంచి వెళ్ళినావిడ. ఫ్యాబ్ వచ్చిన కొత్తలోనే దాన్ని పర్‌మిథైలేషన్‌తో కలిపి చక్కెరల్ని చదవడంలో ముందున్న ల్యాబ్ వాళ్ళది. మనిషి వీర్యకణం అండాన్ని పట్టుకునేది అండం చుట్టూ ఉన్న పొర మీది ఒక చక్కెర కొసని చూసి అని, దాని పేరు సయాలిల్ లూయిస్ ఎక్స్ అని ఆవిడ బృందం 2011లో సైన్స్ పత్రికలో చూపించింది. మానవ అండాలు దొరికేది ఎన్ని, వాటి మీద చక్కెర ఉండేది ఎంత, ఆలోచించండి. మనమంతా ఒక చక్కెర ముక్క పుణ్యమా అని పుట్టినవాళ్ళమే అన్నమాట.

ప్రశ్న: యాంటీబాడీ బయోసిమిలర్ (ఒరిజినల్ మందుని పోలిన మందు) కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ప్రతి బ్యాచ్‌కీ జీ0ఎఫ్, జీ1ఎఫ్, జీ2ఎఫ్ శాతాలు తియ్యాలి. ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయితే మీటింగుల మీద మీటింగులు, టెన్షన్. నూటయాభై వేల డాల్టన్ల ప్రోటీన్‌కి వేలాడే ఆ చిన్న చక్కెర కోసం ఇంత అవసరమా సార్?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అవసరమే బాబూ, మీటింగులు అన్నీ అవసరమో కాదో నాకు తెలీదు గానీ. మీరు చూసే గ్లైకాన్లలో జీ0ఎఫ్ బరువు 1462.5, ఒక గెలాక్టోజ్ చేరితే 162 పెరిగి జీ1ఎఫ్, ఇంకోటి చేరితే జీ2ఎఫ్. అందులో ఎఫ్ అంటే ఫ్యూకోజ్, ఆ ఒక్క 146 లేకపోతే యాంటీబాడీ మన రోగనిరోధక కణాల్ని చాలా గట్టిగా పిలిచి క్యాన్సర్ కణాన్ని చంపిస్తుంది. కావాలనే ఫ్యూకోజ్ తగ్గించి తయారుచేసే మందులే ఉన్నాయి. మీ మందులో అది ఒరిజినల్ కంటే ఎక్కువ తక్కువ అయితే పేరు ఒకటే, మందు వేరు.

సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు సంగతి మీ మేనేజరు చెప్పే ఉంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొన్నిచోట్ల మొదటి డోసు ఎక్కిస్తుండగానే రోగులు ఎలర్జీతో కుప్పకూలారు. మొదటి డోసుకే ఎలర్జీ ఏమిటి, ఇంతకు ముందు ఆ మందు చూసిందే లేదు కదా వాళ్ళ ఒళ్ళు? ఆ మందు ఎలుక కణాల్లో తయారయ్యేది, ఎలుక కణాలు గెలాక్టోజ్ మీద ఇంకో గెలాక్టోజ్‌ని ఆల్ఫా ముడితో, మూడో కార్బన్ దగ్గర తగిలిస్తాయి. మనుషులం ఆ ముడి వెయ్యం. ఆ ప్రాంతంలో లోన్ స్టార్ అనే పిడుదు కరిచినవాళ్ళ ఒంట్లో ఆ చక్కెర మీద ముందే యాంటీబాడీలు తయారై కూర్చున్నాయి. యాంటీబాడీల సంగతి 2008లో బయటపడింది, పిడుదు సంగతి ఆ తర్వాత తెలిసింది. వాళ్ళలో కొందరు ఇప్పటికీ గొడ్డుమాంసం, పంది మాంసం తినలేరు. కాకినాడ మాస్టారు అడిగిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది. గెలాక్టోజ్ అక్కడా ఉంది ఇక్కడా ఉంది, బరువు 162 అక్కడా ఇక్కడా, ముడి మారిందంతే. కాటా ఒక్కటే చూసి సంతకం పెట్టి పంపించేస్తే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. మీ జీ1ఎఫ్‌లో కూడా గెలాక్టోజ్ ఈ కొమ్మకా ఆ కొమ్మకా అని రెండు రకాలు ఉంటాయి, బరువు చూస్తే రెండూ ఒకటే, కాలమ్ (పదార్థాల్ని వేరుచేసే గొట్టం) మీద మాత్రం విడిపోతాయి. ఆ రెండు పీకుల్ని కలిపి లెక్కేస్తున్నారా విడిగానా, రేపు వెళ్ళి చూడండి.

ప్రశ్న: మా బాబుకి పద్నాలుగు నెలలు. మెడ ఇంకా సరిగా నిలబడలేదు, లివర్ టెస్టులు తేడాగా ఉన్నాయి. డాక్టర్ ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష చేయించమన్నారు, చక్కెరలు తగిలించే లోపం ఉందేమో చూడాలన్నారు. అంటే షుగరు జబ్బా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కాదండీ, షుగరు జబ్బుకీ దీనికీ సంబంధం లేదు. ప్రోటీన్లకి గ్లైకాన్లు తగిలించే పనిలో పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని ఉన్నాయి, సీడీజీ అంటారు, బెల్జియం పిల్లల డాక్టరు యాక్ యాకెన్ 1980లో మొదట గుర్తించారు. ట్రాన్స్‌ఫెరిన్ రక్తంలో ఇనుముని మోసే ప్రోటీన్, దానికి మామూలుగా రెండు గ్లైకాన్లుంటాయి. ఒకటి ఊడిపోతే బరువు సుమారు 2,200 తగ్గుతుంది, మాస్ స్పెక్ట్రోమీటర్లో అది బాగా కనిపిస్తుంది, అందుకే ఆ పరీక్ష. తేడా వచ్చినా కంగారు పడి అదే ఖాయం చేసుకోకండి, గెలాక్టోసీమియా, ఫ్రక్టోజ్ పడకపోవడం లాంటి వేరే జబ్బుల్లో కూడా అలాగే రావచ్చు, తర్వాత జన్యు పరీక్ష చేస్తారు. ఈ లోపాల్లో ఒక రకానికి, ఎంపీఐ అనేదానికి, మానోజ్ అనే మామూలు చక్కెరే నోటి ద్వారా ఇచ్చి వైద్యం చేస్తారు, మిగతా చాలా రకాలకి అది పనిచెయ్యదు. కాబట్టి ఇంటర్నెట్లో మానోజ్ పొడి అమ్ముతున్నారని తెప్పించి పట్టకండి. జెనెటిక్స్ డాక్టర్‌ని కలవండి, ఇప్పటిదాకా చేసిన రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మాస్ స్పెక్ట్రోమీటర్ ఎప్పుడైనా అబద్ధం చెబుతుందా?
– పదో తరగతి విద్యార్థి, నల్గొండ

జవాబు: అన్ని ఉత్తరాల్లోకీ చిన్నది, అన్నిటికంటే మంచి ప్రశ్న. బరువు విషయంలో సాధారణంగా చెప్పదు. విరగ్గొట్టేటప్పుడు మాత్రం చెబుతుంది. ప్రోటాన్ పట్టుకున్న అయాన్‌ని గుద్దిస్తే ఫ్యూకోజ్ ఒక్కోసారి ఉన్న కొమ్మ వదిలేసి పక్క కొమ్మకి గెంతుతుంది, ఆ తర్వాత విరిగిన ముక్క చూసి అది మొదటి నుంచీ అక్కడే ఉందని మనం రాసేస్తాం. అలా లేని నిర్మాణాలు రాసేసుకునే ప్రమాదం ఉంది. సోడియం పట్టుకున్న అయాన్లలో ఈ గెంతులాట కనిపించదు, అందుకని ఇప్పుడు జాగ్రత్తపరులు రెండు రకాలుగానూ చూస్తారు.

కానీ చాలాసార్లు అబద్ధం చెప్పేది మిషన్ కాదు, మనం. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెట్టు గింజ నుంచి ప్రోటీన్ తీసి దాని చక్కెరలు చూస్తున్నాను. ఒక సాయంత్రం స్క్రీన్ మీద 162 తేడాతో వరసగా పద్నాలుగు పీకులు, నిచ్చెనలా. ఇంత పొడుగు చక్కెర గొలుసు ఈ ప్రోటీన్‌కి ఉందని ఎవరూ రాయలేదు! మూడు రోజులు నిద్ర పట్టలేదు, పేపర్‌కి పేరు కూడా ఆలోచించేశాను, మా ఆవిడకి చెప్పేశాను. నాలుగో రోజు మా పెద్ద సారు వచ్చి నిలబడి చూసి, ప్రోటీన్ శుద్ధి చెయ్యడానికి ఏ కాలమ్ వాడావు అని ఒక్కటే అడిగారు. డెక్స్‌ట్రాన్ పూసల కాలమ్. డెక్స్‌ట్రాన్ అంటే గ్లూకోజ్ గొలుసు. పాతబడిన కాలమ్ అరిగి కారుతోంది, నేను మూడు రోజులుగా దాన్ని తూస్తున్నాను. కొత్త కాలమ్ మీద అదే గింజ శాంపిల్ మళ్ళీ చేసి పెడితే స్క్రీన్ మీద ఒక్క పీకు కూడా లేదు.